కోరా మాస్టారి పరిచయానికి ఒక్క నిమిషం

శనివారం మధ్యాహ్నం లోపల జెరుషా చేయాల్సిన పనులు ఇవి. హాలు తాళంచెవి తెచ్చుకోవాలి. కుర్చీలు తుడిచి వరసగా వేయాలి. శాలువా ఇస్త్రీ చేయాలి. జర్మనీలోని ఈ గార్చింగ్‌లో పూలదండ దొరకదు కాబట్టి సూపర్‌మార్కెట్లో గులాబీలు కొని దారానికి గుచ్చాలి. నాటికలో వేషం వేస్తున్న హ్యారీ చేత రెండో రంగం డైలాగులు ఇంకోసారి అప్పజెప్పించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కోరా మాస్టారి జీవిత పరిచయం పన్నెండు పేజీలూ ప్రింటు తీసి, తడబడకుండా చదవడం సాధన చేయాలి.

జెరుషాది అమలాపురం. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. పని అప్పజెప్తే సగంలో వదిలే రకం కాదు. ఇక్కడ మాస్టర్స్ చదువుతూ, ఎల్సమ్మ అనే మలయాళీ నర్సు ఫ్లాట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. మూడు నెలల కిందట ఎల్సమ్మ వాళ్ల నాన్న కేరళ నుంచి వచ్చారు. ఎనభై ఏళ్ల మనిషి. పంచె మీద కూతురి స్వెటరు వేసుకుని, వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీసేవారు.

"నీది ఏ ఊరమ్మా? గోదావరియా?" అని మొదటిరోజే తెలుగులో అడిగారు. "మద్రాసులో సినిమాలకు రాసేటప్పుడు కోడంబాకం మెస్సులో గోదావరి వాళ్లే ముందు కూర్చునేది. లేచేది కూడా వాళ్లే, ఆఖర్న."

ఆయన నాటకాలూ సినిమాలూ రాసిన కోరా మాస్టారని తెలియడానికి జెరుషాకు వారం పట్టింది. ఆయన చెప్పలేదు, ఎల్సమ్మ చెప్పింది. అప్పట్నుంచి సాయంత్రాలు అడిగి అడిగి రాసుకుంది. కుట్టనాడులో నీళ్ల మధ్య పుట్టడం. పదహారో ఏట నాటక సమాజంలో తెర లాగే పనికి చేరడం. ఇరవై రెండో ఏట మొదటి నాటకం. మొత్తం ముప్పై ఒక్క నాటకాలు, పంతొమ్మిది సినిమాలు. ఒక నిర్మాత ముగింపు మార్చమంటే, పెన్నుకు మూత పెట్టి, బస్సెక్కి ఇంటికెళ్లిపోయారు. ఆర్నెల్ల తర్వాత ఆ నిర్మాతే పడవెక్కి వాళ్ల గుమ్మం ముందు దిగాడు.

రాస్తున్నకొద్దీ జెరుషాకు ఛాతీ ఉప్పొంగేది. మన పక్కనున్న భాషలో ఇంత మనిషి ఉంటే మనవాళ్లకు పేరైనా తెలియదే అనిపించేది. ఈయనెవరో తెలుగువాళ్ల ముందు నిలబడి చెప్పాలన్న పట్టుదల పుట్టింది. మాస్టారి చేతే అర్థాలు చెప్పించుకుని ఒక నాటిక తెలుగులోకి దించింది. తెలుగు సంఘం అధ్యక్షుడు జాన్‌బాబు విని, ఆడిద్దాం, సన్మానం కూడా చేద్దాం అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. సన్మానమంటే మనవాళ్లకు వేదిక ఉండాలి. వేదికెక్కిన ప్రతివాళ్లూ మాట్లాడాలి. మూడింటికి మొదలైన సభలో ఐదైనా ఉపన్యాసాలు ఆగలేదు. మాస్టారికి శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. ఆయన ఏం రాశారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ముఖ్య అతిథి జనార్దనరావుగారు తన కాలేజీ రోజుల దగ్గర మొదలుపెట్టారు. వెనక తలుపు దగ్గర హాలు చూసుకునే హౌస్‌మైస్టర్ నిలబడి గడియారం చూపించాడు. సరిగ్గా ఆరింటికి తాళం వేస్తాడు. నిమిషం అటూ ఇటూ కాదు. నాటిక నలభై ఐదు నిమిషాలు.

జాన్‌బాబు జెరుషాను హాలు పక్కనున్న వంటగదిలోకి లాక్కెళ్లాడు.

"అమ్మా జెరుషా, నీ పరిచయం ఎత్తేద్దామే."

"ఎత్తేయడమేంటన్నా? ఎవరికి శాలువా కప్పారో కూడా జనాలకు తెలీదు."

"పెద్దాయన మాట్లాడతానంటే కాదనగలనా చెప్పు?"

"ఆయన పెళ్లిదాకా వచ్చేశాడన్నా. మాస్టారు నా కాగితాల్లో ఇంకా పుట్టనేలేదు!"

గులాబీ దండ చేత్తో పట్టుకుని మాస్టారు వెనకే వచ్చి నిలబడ్డారు. సంగతి ఆయనకు అర్థమైంది.

"మా వైపు నాటకానికి మూడు గంటలు కొడతారమ్మా," అన్నారు. "రెండో గంటకీ మూడో గంటకీ మధ్య, తెర వెనక నుంచి ఒక మనిషి మైకులో చెప్తాడు. ఒక్క నిమిషం. ఎక్కువైతే జనం ఈల వేస్తారు. నా సంగతి అందులో పెట్టు."

"పన్నెండు పేజీలు మాస్టారూ!"

"చదువు. నాకు కాదు, ఈ అమ్మకి."

ఆ అమ్మ ఆదిలక్ష్మి. వచ్చినవాళ్లకు పంచడానికి పులిహోర గరిటెతో డబ్బాల్లోకి ఎత్తుతోంది. జెరుషా గబగబా చదవడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క నాటకాలు అంది. గరిటె ఆడుతూనే ఉంది. పంతొమ్మిది సినిమాలు అంది. గరిటె ఆగలేదు. ఒక నాటకం ఎనిమిది వందల సార్లు ఆడిందని గొంతు పెంచి చదివింది.

"జాన్‌బాబూ, జీడిపప్పు అన్నిట్లో పడిందా చూడు నాయనా," అంది ఆదిలక్ష్మి.

మాస్టారు పెన్సిల్ తీసుకుని ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేశారు. జెరుషాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నీ నిజాలే కదా మాస్టారూ."

"నిజాలే. చేతులు ఆగలేదు కదమ్మా."

ఆయన ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నాకు పెద్దక్క ఉండేది, పెణ్ణమ్మ. చదువు రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొబ్బరి పీచుతో తాడు పేనేది. నన్ను బడికి పంపింది ఆ తాడే. నాటకం రాయగానే ఆవిడ ముందు కూర్చుని చదివేవాణ్ణి. పేనుతూ వినేది. ఎక్కడ చెయ్యి ఆగిందో ఆ మాట ఉంచేవాణ్ణి. చెయ్యి ఆడుతూ ఉంటే కొట్టేసేవాణ్ణి. ముప్పై ఒక్కటీ అంతే. ఒకసారి మూడు పేజీల ప్రసంగం రాసుకెళ్లాను. గొప్పగా ఉందని నాకే గర్వం. ఆవిడ అంతసేపూ పేని, బారెడు తాడు చూపించి, 'ఇవాళ పని బాగా అయిందిరా' అంది."

జాన్‌బాబు పకాలున నవ్వాడు. ఆదిలక్ష్మి నవ్వలేదు. గరిటె గాల్లోనే ఉండిపోయింది.

"మరి ఆవిడ పేరు వేయించారాండీ, ఎక్కడైనా?" అంది.

"వేయిస్తానన్నాను. తాడు పేనేదాని పేరు చూసి నాటకానికి ఎవరొస్తార్రా, వద్దు అంది. సరే అన్నాను. ఆవిడ ఏం కొట్టేయమన్నా కొట్టేసేవాణ్ణి కదా, అదీ అలాగే కొట్టేశాను. ఆ ఒక్కటి వినకుండా ఉండాల్సింది. పోయి పదకొండేళ్లయింది."

మూడు నెలలు ఒకే వంటింట్లో కూర్చుని జెరుషా ఎన్నెన్ని అడిగింది! బహుమతులు అడిగింది, తేదీలు అడిగింది. ఎలా రాస్తారని ఒక్కరోజూ అడగలేదు. పన్నెండో పేజీ వెనక్కి తిప్పి, డబ్బాల మధ్యనే పెట్టుకుని, పెన్సిల్‌తో ఆరు వాక్యాలు రాసింది.

హాల్లో జనార్దనరావుగారి ఉపన్యాసం ఎట్టకేలకు ముగిసింది. గంట లేకపోవడంతో హ్యారీ స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాడు. ఒకటి. రెండు. జెరుషా తెర వెనక మైకు పట్టుకుంది.

"ఈ నాటిక రాసింది కోరా మాస్టారు. అరవై ఏళ్లుగా మలయాళంలో నాటకాలూ సినిమాలూ రాస్తున్నారు. రాసిన ప్రతి నాటకం ముందుగా చదువు రాని వాళ్లక్కకు చదివి వినిపించారు. తాడు పేనే ఆవిడ చెయ్యి ఆగిన మాటలే మిగిలాయి. మీరిప్పుడు వినబోయే మాటలన్నీ ఆవిడ ఉంచినవి. ఆవిడ పేరు పెణ్ణమ్మ."

హాల్లో గుసగుసలు అణిగిపోయాయి. జనార్దనరావుగారు ఫోను జేబులో పెట్టేసి నిటారుగా కూర్చున్నారు. తెర పక్కన ఎల్సమ్మ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. అత్త పేరు మైకులో వినడం ఆమెకు ఇదే మొదలు.

"మా చేచ్చి, అదే మా అక్క, వినుంటే తిట్టేది," అన్నారు మాస్టారు. ఆ ముఖంలో ఎంత గర్వమో జెరుషా చూసింది. శాలువా కప్పినప్పుడు అందులో సగం కూడా లేదు.

మూడో గంట మోగింది. తెర లేచింది.

ఆరింటికి నాలుగు నిమిషాల ముందే నాటిక అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బయటికెళ్తూ ఇద్దరు ముగ్గురు జెరుషాను ఆపి, "ఏమన్నావమ్మా ఆ పేరు?" అని అడిగి మరీ వెళ్లారు.

ఆవిడ పేరు ఏ నోటీసు మీదా పడలేదు, ఏ సినిమా టైటిల్సులోనూ రాలేదు. ఇక్కడిదాకా చదివినవాళ్లను అడిగేది ఒక్కటే. కోరా మాస్టారిని మర్చిపోయినా ఆయన ఏమీ అనుకోరు. కుట్టనాడు పెణ్ణమ్మను మాత్రం గుర్తుపెట్టుకోండి.