మొద్దు బ్లేడు

బోధన్‌లో పాత తలుపుకు రంద పట్టించి పై పొర చెక్కించాలంటే వడ్రంగి దశరథం షెడ్డుకే తెస్తారు. తలుపు వెనక ఎవరేం మాట్లాడినా టేకు పీల్చుకుంటుంది. అందుకని కొత్త ఇంటికి పాత తలుపు బిగించుకునేవాళ్లు ముందు ఆ మాటలను గీకించేసుకుంటారు. రంద కింద మాటలు పొట్టుతో పాటు చుట్టుకొని వస్తాయి, చుట్ట విప్పితే వినిపిస్తాయి. పరువు తెలిసిన వడ్రంగి పాత తలుపులకు మొద్దు బ్లేడే పెడతాడు. అది చెక్కను పీకుతుంది, మాటలు తుంపులు తుంపులవుతాయి. ఆ పొట్టును ఇంటివాళ్లే సంచిలో ఎత్తుకుపోయి తమ పొయ్యిలో వేసుకోవాలి. మిషన్ రంద పెడితే ఇంకా తలనొప్పి, ఆ పొడి నెలల తరబడి షెడ్డంతా గుసగుసలాడుతుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈ పని చేసీ చేసీ దశరథానికి మనుషులంటేనే రోత పుట్టింది. ఎంత తుంపులైనా కొన్ని చెవిన పడతాయి కదా. నలుగురిలో చేతులు జోడించే పెద్దమనిషి తలుపు మూసుకొని పెళ్లాన్ని ఏమన్నాడో తెలిసి కూడా, బజారులో ఎదురుపడితే నవ్వాలి. రంద పట్టినంతసేపూ నోట్లో వాము నములుతాడు. అయినా సాయంత్రానికి నోరంతా చేదే.

"ఊరందరి ఎంగిలి మాటలు ఊడుస్తున్న, థూ" అంటాడు భార్య భూమవ్వతో. ఆమె వాము డబ్బా నింపి పెడుతుంది.

ఆ పొద్దున కిషోర్‌బాబు ట్రాక్టర్‌లో తలుపు తెచ్చాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకుంటున్న కుటుంబం వాళ్లది. నిజామాబాద్‌లో కొత్త ఇల్లు కడుతున్నాడు. ఆ తలుపు వాళ్ల నాన్న జగ్గారావు మంచంపట్టి పోయిన గదిది. వెనకే గోనెసంచి పట్టుకొని ఉదయలక్ష్మి దిగింది. ఆమె కిషోర్‌బాబుకు వదిన. అన్న పోయాక ముసలాయన పక్కబట్టలు ఉతికి ముద్ద పెట్టింది ఈమే.

వచ్చే ఆదివారం ఆస్తి పంపకం తేల్చడానికి పెద్దమనుషులు కూర్చుంటున్నారు. పొలమూ ఇల్లూ నాన్న తనకే అన్నాడని కిషోర్‌బాబు. తన భర్త వాటా తనకే ఉంచమని మామగారు ఆ గదిలో తలుపేసి కిషోర్‌బాబుకు చెప్పారని, ఆ సంగతి మామగారే తనతో అన్నారని ఉదయలక్ష్మి. విన్న మూడో మనిషి లేడు. మాట నెగ్గకపోతే ఆమె పెట్టె సర్దుకోవాలి. అలాంటి మనిషినే పొట్టు ఎత్తడానికి తీసుకొచ్చాడు మహానుభావుడు.

"మొద్దు బ్లేడే కదా, దశరథం?"

"పాత తలుపుకు గదే కద సార్."

"పరువుగల ఇల్లు మాది. చూసి పట్టు."

రంద ఆడింది. తుంపులు రాలాయి. ఉదయలక్ష్మి చేతిలో ఒకటి విచ్చుకొని ముసలి గొంతుతో "దాహం" అంది. ఇంకోటి "కంపు" అంది. అది కిషోర్‌బాబు గొంతు. ఆమె రెండూ సంచిలో వేసుకుంది.

"ముసలాళ్ల దగ్గర ఎవడైనా అనేదేలే" అని కిషోర్‌బాబు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి దశరథం రంద ఆపాడు. ఇలాంటివాళ్ల పరువుకా తాను ఇన్నాళ్లూ కాపలా కాసింది? వాము ఉమ్మేశాడు.

"బ్లేడు ఆడ్తలేదు సార్. జర ఊడదీసి బిగియ్యాలె. చాయ్ తాగి రాండ్రి."

కిషోర్‌బాబు చాయ్‌కి పోయాడు. దశరథం బ్లేడు ఊడదీశాడు. గరుకు రాయి మీద నీళ్లు చల్లి, ముందు బ్లేడు వెనకవైపు సాపు చేశాడు. తర్వాత ఏటవాలు కదలకుండా రెండు చేతులా అదిమిపట్టి నూరాడు. రాయి మీద నల్లటి మడ్డి పేరుకుంది. నూరగా అంచుకు అవతల లేచిన సన్నని ఇనుప ముల్లు బొటనవేలికి తగిలాక నున్నరాయి మీదికి మార్చాడు, ఆ తర్వాత తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగాడు. ఎడమ ముంజేతి మీద ఆనించి తోస్తే వెంట్రుకలు నున్నగా రాలిపోయాయి. పాత తలుపు కోసం అతను బ్లేడు నూరడం అదే మొదలు.

రంద ఈసారి గీకలేదు, జారింది. తలుపు నిలువునా ఒకే పొర, ఎక్కడా తెగకుండా చుట్టుకుంటూ వచ్చింది. దానికి దారం కట్టి ఉదయలక్ష్మి చేతిలో పెట్టాడు.

"గిది పొయ్యిల ఎయ్యకు అక్కా. ఆదివారం దాక బియ్యం డబ్బల దాసిపెట్టు."

"ఏముంది అన్నా ఇందులో?"

"నేను ఇప్పి సూడలే. నాకు వినుడు సాలైంది."

కిషోర్‌బాబు వచ్చేసరికి రందలో ఇంకో మొద్దు బ్లేడు ఆడుతోంది.

ఆదివారం కిషోర్‌బాబు తండ్రి ఫొటో మీద చెయ్యి వేసి, నాన్న వదిన పేరే ఎత్తలేదని ఒట్టేశాడు. ఉదయలక్ష్మి పొట్టు చుట్టకు కట్టిన దారం విప్పింది.

"అబ్బాయ్, వదిన వాటా వదినకే ఉంచు. నా ఒళ్లు కడిగిన చెయ్యిరా అది" అంది జగ్గారావు గొంతు.

"అలాగే ఉంచుతాలే. ముందు నువ్వు తొందరగా పో" అంది కిషోర్‌బాబు గొంతు.

పెద్దమనుషుల్లో ఒకాయన పక్కకు తిరిగి ఉమ్మాడు. తీర్పు అక్కడికక్కడే అయింది.

పొలంలో భర్త వాటా, కిషోర్‌బాబు కొత్త ఇంటికి పోతున్నాడు కాబట్టి పాత ఇల్లూ ఉదయలక్ష్మికే దక్కాయి. తలుపును మళ్లీ ఆ గదికే బిగించమని కబురు పెట్టింది. దశరథం చేతిలో పడ్డ ఆఖరి పాత తలుపు అదే. ఆ ఆదివారం తర్వాత అతని షెడ్డుకు ఎవరూ పాత తలుపు తేలేదు. ఇప్పుడు కొత్త కర్రకే రంద పడుతున్నాడు, పొట్టు విప్పితే కాస్త గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు.

పొద్దున భూమవ్వ అలవాటుగా వాము డబ్బా తెచ్చి ముందర పెట్టింది.

"పప్పుసారుల ఏస్కో పో" అన్నాడు దశరథం.