చుక్క కదల్లేదు

తప్పు నాదే. కానీ ఆ మాట తర్వాత ఒప్పుకుంటాను, ముందు నా కోపం తీరనివ్వండి.

కోడంబాక్కంలో మా ఫిజియోథెరపీ సెంటరుకి కోదండపాణి మాస్టారు పదహారు రోజులుగా వస్తున్నారు. నలభై ఏళ్లుగా సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయిస్తున్న మనిషి. కుడి భుజం బిగుసుకుపోయింది, కమాను పట్టే చెయ్యి పైకి లేవదు. శుక్రవారం పెద్ద రికార్డింగు ఉంది. ఆ రోజు వాయించలేకపోతే ఆయన కుర్చీ ఇంకొకరిదైపోతుంది, మళ్లీ పిలుపు రాదు.

రోజూ ఆయన భుజానికి జెల్ రాసి, అల్ట్రాసౌండ్ మిషన్ పిడిని గుండ్రంగా తిప్పేదాన్ని. "ఎలా ఉంది మాస్టారూ?" అంటే "నిన్నటి మీద తేలికే రాగిణమ్మా" అనేవారు. నేను పొంగిపోయేదాన్ని. మిషనే చూసుకుంటుందిలే అని, నొప్పి పెట్టే వ్యాయామాలు తగ్గించేశాను.

బుధవారం ఆయన నవ్వుతూ అడిగారు.

"ఇందులోంచి శబ్దం వస్తుందంటావు. శబ్దంతోనే బతికినవాణ్ణి, నాకు వినపడదేం?"

"చెవికి అందదు మాస్టారూ. కంటికి చూపిస్తా ఉండండి."

గొప్పగా పిడిని తిరగేసి, దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి మిషన్ పెంచాను. నీళ్లు ఉడుకుతున్నట్టు చిందాలి. చుక్క కదల్లేదు. ఇంకా పెంచాను. మిషన్ మీద అంకెలు, పచ్చ లైటు బుద్ధిగా వెలుగుతూనే ఉన్నాయి.

ఒళ్లు మండిపోయింది. పిడి పీక్కుని ఓనరు జయప్రకాష్ గారి గదిలోకి వెళ్లాను.

"ఇది చచ్చిపోయింది సార్!"

ఆయన తల కూడా ఎత్తలేదు. "తెలుసులేమ్మా. పోయిన నెల కింద పడింది. ఈడ ఎందుకు రచ్చ చేస్తావు? పేషెంటుకి హాయిగా ఉందా లేదా? పరవాలేదు, ఆడ పోయి రుద్దు. ఆయనకి ఏమీ చెప్పబాక."

తెలిసీ నా చేత రుద్దించాడు! మీ అమ్మ భుజానికైతే ఇలాగే రుద్దిస్తారా అని అడిగేసి, తలుపు ధడాలున వేసి వచ్చాను. మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మరి మీరెందుకు తేలికగా ఉందన్నారని ఆయన మీదా అరిచాను.

ఆయన మొహం ఎర్రబడింది. "కూతురు లాంటి పిల్ల అంత ఓపిగ్గా రుద్దుతుంటే, తగ్గలేదని ఎలా చెప్పేది? నేను చెప్పలేదు సరే. నువ్వు చూసుకోవద్దా?"

చూసుకోవాలి. రోజూ పొద్దున్నే చుక్క వేసి చూడమని మాకు కాలేజీలోనే నేర్పారు. పదహారు రోజుల్లో నేను ఒక్క రోజూ చూడలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మాస్టారు ఫోను తీశారు. "శుక్రవారం నా కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. లేదండీ, తగ్గలేదు. చెయ్యి లేవడం లేదు." అన్నాళ్లలో ఆయన నిజం చెప్పడం అదే మొదలు.

ఫోను పక్కన పెట్టి మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడి చెయ్యి నాకు అందించారు.

"కానియ్యి. ఈసారి నొప్పెడితే అరుస్తాను."

మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాను. భుజం ఎత్తు దాటగానే ఆయన గట్టిగా అరిచారు. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. జయప్రకాష్ గారు పరుగెత్తుకొచ్చారు. నేను చెయ్యి వదల్లేదు.