కుడి చేతి గ్లవ్

పాస్టీలకి పిండి ఒత్తుతుంటే కింద బేస్‌మెంట్ తలుపుకి గడియ పడిన చప్పుడైంది. నా చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. తుప్పు పట్టి, లాగినా కదలని గడియ అది. ఇప్పుడు వెన్నలో కత్తి దిగినట్టు పడిందంటే మా ఆయన నూనె వేశాడన్నమాట. వంటింటి తలుపు కీచుమంటోంది, రెండు చుక్కలు నూనె వెయ్యవయ్యా అని పోయిన చలికాలం నుంచి చెబుతున్నాను. దానికి తీరలేదు. గడియకి తీరింది.

కిటికీ బయట సుపీరియర్ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది. కాలేజీ పాత ఆటగాళ్ళ కలయిక వచ్చే శనివారం. ఆ రోజు ఐస్ హాకీ ఆడే రింక్ దగ్గర అమ్మే పాస్టీలు ఏటా నేనే చేస్తాను. మాంసం, బంగాళాదుంప, రుటబాగా దుంప తరిగి, కూరి, అంచులు మడిచి, ఫ్రీజర్ నిండా పేరుస్తాను. మా ఆయన కర్ట్ ఆ రోజు పాత ఆటగాళ్ళ మ్యాచ్ ఆడతాడు. నేను బల్ల వెనక నిలబడి పాస్టీలు అందిస్తాను. ఎవరు ఎక్కడ నిలబడాలో మమ్మల్ని ఎవరూ కూర్చోబెట్టి నిర్ణయించలేదు. అలా అయిపోయిందంతే.

ఈసారి కలయికకి కర్ట్ బేస్‌మెంట్‌లో కార్డులు చేస్తున్నాడు. అతని చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన హాకీ కార్డుల్లాంటివి. బూడిద రంగు అట్ట, నలుపు తెలుపు ఫొటో మీద చేత్తో వేసిన రంగులు, వెనకవైపు ఆటగాడి చరిత్ర నాలుగు ముక్కల్లో, పక్కన ఒక చిన్న కార్టూను. ‘వేసవిలో నాన్నతో కలిసి చేపల పడవ మీద పనిచేస్తాడు’ లాంటి మాట, దాని కింద పడవలో నవ్వుతున్న బుడంకాయ మనిషి. మా కాలేజీలో ఆడినవాళ్ళందరికీ తలా ఒక కార్డు. ముందువైపు రంగులు కర్ట్ వేస్తాడు. వెనకవైపు రాతా కార్టూనూ నావి. ఎవరు ఏ ఏడు ఎన్ని గోల్స్ కొట్టారో, ఆట మానేశాక ఏమయ్యారో ఫోన్లు చేసి కనుక్కునేదాన్ని నేను. పెట్టె మూత మీద మాత్రం ‘కర్ట్ హౌటాలా కార్డులు’ అని ఉంది. ఊరి పేపరువాడు వచ్చి ఫొటో తీసినప్పుడు నేను అతనికి కాఫీ ఇచ్చాను. “మీరు కూడా సాయం చేస్తారా మేడమ్?” అన్నాడు కప్పు అందుకుంటూ. “అప్పుడప్పుడూ కత్తిరిస్తుంది” అన్నాడు కర్ట్. అబద్ధం కాదు. కత్తిరించేదాన్ని కూడా నేనే.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. నాన్న దుంగల లారీ తోలేవాడు. అమ్మ బడి వంటశాలలో గరిటె తిప్పేది. జీవశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకున్నాను. ఆ నాలుగేళ్ళూ ఆడపిల్లల హాకీ జట్టుకి గోల్ కాపలా కాసే గోలీని. జట్టు అంటే జట్టే గాని, కాలేజీ మమ్మల్ని లెక్కలో వేసుకోలేదు. మగపిల్లలు వదిలేసిన జెర్సీలు, అక్షరం ముక్క లేని ఉత్త తెల్లవి, అవే మాకు. ఆదివారం పొద్దున్నే, రింక్‌లో ఇంకెవరూ ఉండని వేళ, మా మ్యాచ్‌లు. పేపర్లో ఒక్క వాక్యం రాలేదు. కాలేజీ రికార్డుల్లో మా పేర్లు లేవు. ఇప్పుడు అదే కాలేజీ పాత విద్యార్థుల ఆఫీసులో పని చేస్తున్నాను కనక నాకు తెలుసు, నేనే వెతికాను. కాబట్టి కర్ట్ ఈ కార్డులన్నప్పుడు బయటికి అనలేదు గాని లోపల ఒక ఆశ పుట్టింది. అందరికీ తలా ఒకటి అన్నాడుగా. ఆ నాలుగేళ్ళూ నిజంగా జరిగాయనడానికి ఒక అట్టముక్కయినా మిగులుతుంది.

కార్డులకి వరస నంబర్లుంటాయి. నేను వెనకవైపులు రాస్తుంటే ఇరవైమూడు వచ్చింది, ఇరవైఐదు వచ్చింది. ఇరవైనాలుగు రాలేదు.

“ఇరవైనాలుగెవరు?” అన్నాను.

“ఎవరో ఒకళ్ళు. నువ్వు మిగతావి కానీ” అన్నాడు, మొహం తిప్పుకుని.

ఆ వారంలోనే అతని ఫోన్ బల్ల మీద మోగితే డార్సీ పేరు కనిపించింది. డార్సీ నా జట్టులో డిఫెన్స్ ఆడేది. సరస్సుకి అవతల, కెనడాలో ఉంటుంది. నాకు క్రిస్మస్ కార్డు తప్ప ఏమీ పంపదు. మా ఆయనకి ఫోన్లెందుకు? అడగలేదు. అడిగితే ఒక జవాబు చెబుతాడు, ఆ జవాబుని మళ్ళీ నేను తూచాలి. ఆఫీసులో కలయిక ఏర్పాట్లు చూసే మా గ్లెన్ చూడబోతే, “మార్నీ, కాఫీ పెట్టేసెయ్. మీ ఆయన ఇరవైనా...” అని నాలుక కరుచుకుని కాగితాల్లో దూరిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఊరంతా. ఒక పూట డార్సీతో ఏదో నడుస్తోంది అనుకున్నాను. మరో పూట, నన్ను పెట్టకుండా వదిలేశారు, అది చెప్పడానికి మొహం చెల్లక దాస్తున్నారనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండోదే నన్ను ఎక్కువ కోసింది.

అయినా కర్ట్ నన్ను ఎలా వదిలేస్తాడు? అతను ప్రేమలో పడ్డదే నా ఆట చూసి కదా. ఆ కథ మా పెళ్ళి విందులో మొదటిసారి చెప్పాడు. అప్పట్నుంచి ఎవరింటి భోజనాల బల్ల దగ్గరా వదల్లేదు. “ఆదివారం పొద్దున్నే లేచి వెళ్ళేవాణ్ణి. తనకి తెలిస్తే చేతులు వణుకుతాయని, మంచు చదును చేసే బండి గేటు పక్కన, టోపీ కిందికి లాక్కుని నిలబడేవాణ్ణి. ఒక్కటి కూడా వదల్లేదు. ఒకసారి ఆ అమ్మాయి పైకొచ్చిన పక్‌ని ఈగని పట్టినట్టు ఇలా పట్టింది. అంతే, నేను అయిపోయాను.” ‘ఇలా’ అన్నప్పుడల్లా ఎడమ చెయ్యి పైకి విసిరేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. మాస్క్‌లోంచి గోలీకి పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ తప్ప ఇంకేం కనిపిస్తుంది? ఎవరూ రారనుకున్న ఆటకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు అన్న మాట మీద నేను చాలా కట్టుకున్నాను. అతని సాక్సు ఏరినప్పుడు, తన ఉద్యోగం కోసం తిరిగి ఈ ఊరు వచ్చేద్దామంటే నేను పై చదువు ఆపుకున్నప్పుడు, “నీకేం తెలుసు పవర్ ప్లే గురించి” అని స్నేహితుల ముందు నవ్వినప్పుడు కూడా, పోనీలే, ఇతను నన్ను చూశాడు అనుకునేదాన్ని.

ఆదివారం భోజనానికి అత్తగారు వచ్చారు. ఎల్మా అంటే ఊళ్ళో అందరికీ హడలే. ఏలకుల రొట్టె ఒకటి చంకలో, మాట ఒకటి నాలుక చివర ఎప్పుడూ ఉంటాయి. “ఏమే అమ్మాయ్, గోలీవి కదా, నా పింగాణీ గిన్నె మాత్రం పట్టుకోలేకపోయావ్” అని పోయిన ఈస్టర్‌కి పగిలిన గిన్నెని ఇంకా తవ్వుతూనే ఉంటారు. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. కూర్చుని నా మొహం చూస్తున్నారు. 

కర్ట్ బేస్‌మెంట్ నుంచి వచ్చి చిన్న పొట్లం నా పళ్ళెం పక్కన పెట్టాడు. మైనపు కాగితం, పాతకాలం పొట్లం లాగానే.

“విప్పు.”

విప్పాను. ఇరవైనాలుగు.

నేనే. మాస్క్ నుదుటి మీదికి ఎత్తి, ఒక జడ భుజం మీద పడి, చెంపలు చలికి కందిపోయి. ఆ చెంపల రంగు ఎంత బాగా వేశాడంటే ఒక్క క్షణం నాకే ముద్దొచ్చాను. తెల్ల జెర్సీ మీద మాకెప్పుడూ ఇవ్వని కాలేజీ చిహ్నం కూడా వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే చూశాను, గ్లవ్ ఎడమ చేతికి ఉంది.

గోలీకి ఒక చేతిలో కర్ర, రెండో చేతికి పక్ పట్టే వెడల్పాటి గ్లవ్. దాదాపు అందరూ కుడి చేత్తో కర్ర పట్టి, ఎడమ చేతికి గ్లవ్ తొడుగుతారు. నేను ఎడమచేతివాటం మనిషిని. కర్ర ఎడమ చేతిలో, గ్లవ్ కుడి చేతికి. నా ఆటంతా అదే. కొట్టేవాళ్ళు అలవాటుగా ఖాళీ అనుకున్న మూలకి కొట్టేవాళ్ళు, అక్కడ నా గ్లవ్ ఉండేది. ఒక్కసారి నా ఆట చూసిన ఎవరూ అది మర్చిపోలేదు. అదే మాట అందరూ చెప్పుకునేవాళ్ళు.

పాత కార్డుల్లో ఇలాంటివి ఉంటాయి. ఫిల్మ్ తిరగబడి అచ్చయి, కుడి ఎడమైపోయినవి. కర్టే వాటిని వెతికి మరీ దాచుకుంటాడు. అందుకని మామూలుగానే అడిగాను. “బొమ్మ తిరగబడిందేమో చూశావా?”

అతని మొహం వెలిగిపోయింది. “చూశావా అమ్మా, ఎంత కన్నో! డార్సీ వాళ్ళ నాన్న తీసిన ఫొటో. ఆమెని బతిమాలి తెప్పించాను. తీరా చూస్తే తిరగబడి ఉంది, గ్లవ్ కుడి చేతికి! నేనే సరిచేశాను. జెర్సీ మడతలన్నీ మళ్ళీ వెయ్యాల్సొచ్చింది.”

“తిరగబడిందని నీకెలా తెలిసింది?”

“తెలీకపోవడమేంటి?” నవ్వుతూ ఎడమ చెయ్యి పైకి విసిరాడు, ఈగని పట్టినట్టు. “నేను చూళ్ళేదా?”

ఆ చెయ్యి గాలిలో ఉండగానే నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ ఎడమ చెయ్యి చూసి, ఎదురుగా నిలబడి చూసినవాడు కదా, అద్దంలో బొమ్మలా అతనికి అటువైపు కనబడి ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను అనుమానించాల్సింది గడియని కాదు, డార్సీని కాదు, ఆ చేతిని.

కార్డు తిప్పాను. వెనకవైపు రాత అతనిదే, మొదటిసారి. ఎన్ని ఆటలు, ఎన్ని పక్‌లు ఆపాను, చివరి ఏడాది కెప్టెన్ని, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఒక్కటీ లేదు. కార్టూను మాత్రం పెద్దది. గోల్ ముందు ఒక అమ్మాయి, గ్లవ్‌లో పక్‌కి బదులు టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు. ‘ఆమె పట్టిన అన్నిటిలోకీ గొప్పది, మొగుణ్ణి!’

“బాగుంది కదూ?” అన్నాడు.

అత్తగారు కార్డు నా చేతిలోంచి తీసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నారు. “టోపీ ఏంట్రా ఇది? ఆదివారం పొద్దున్న నువ్వు రింక్‌కి వెళ్ళడమేంటి? శనివారం మ్యాచ్ ఆడొచ్చి మధ్యాహ్నం దాకా నా ఇంట్లో చచ్చినట్టు పడుకునేవాడివి. మోకాళ్ళకి ఐసు మూటలు కట్టేదాన్ని, నీ కంపు బట్టలు ఉతికేదాన్ని. ఆ నాలుగేళ్ళూ ఒక్క ఆదివారం చర్చికి కూడా వెళ్ళలేదు నేను, నీ వల్ల!” గర్వంగానే మొదలుపెట్టారు. చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది. కొడుకుని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఏలకుల రొట్టె కోస్తున్న కత్తి కింద పెట్టారు.

కర్ట్ మైనపు కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పాడు.

“మార్నీ,” అన్నాడు కర్ట్ చివరికి, “అది... పెళ్ళిలో ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పాను. అందరికీ నచ్చింది. నీకూ నచ్చింది. తర్వాత నాకే నిజమనిపించింది, ఒట్టు. దానికేముంది ఇప్పుడు? కార్డు ఇంత కష్టపడి వేశాను.”

కష్టపడ్డాడు. ఆ చెంపల రంగు అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తను చూడని ఆడపిల్లకి అంత ప్రేమగా రంగులు వేశాడు. చూడాలని మాత్రం అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ డార్సీనో నన్నో ఒక్క మాట అడగాలని అనిపించలేదు. ఫొటో నిజం చెబుతుంటే ఫొటోనే తప్పనుకున్నాడు.

నేను లేచి గ్యారేజీలోకి వెళ్ళాను. దూలాల మీద, కర్ట్ స్కేట్ల వెనక, నా సంచి ఉంది. గ్లవ్ తోలు గట్టిపడిపోయింది. వంటింట్లోకి తెచ్చి, నూనె సీసా తీసుకుని, వేళ్ళ మధ్య మడతల్లోకి రాయడం మొదలుపెట్టాను.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు గుమ్మంలోంచి.

“శనివారం మ్యాచ్‌లో నేను గోల్లో నిలబడుతున్నాను. పొద్దున గ్లెన్‌కి చెబుతాను. ఇరవైనాలుగు వెనకవైపు రాసేది కూడా నేనే. ముందువైపు ఫొటో ఎలా వచ్చిందో అలా పెట్టు.”

“నువ్వా? ఇన్నేళ్ళ తర్వాతా? మోకాళ్ళు విరగ్గొట్టుకుంటావ్. అయినా పాస్టీల బల్ల దగ్గర ఎవరుంటారు?”

“నేనుంటాను” అన్నారు అత్తగారు, అతని వెనక నుంచి. “పాస్టీలు అమ్మి చిల్లర ఇవ్వడానికి నాకు కాలేజీ చదువు అక్కర్లేదు. ఆ గ్లవ్‌కి వెన్న రాయి అమ్మాయ్, నూనెకంటే మంచిది.”

కర్ట్ ఇద్దరినీ చూశాడు. “మరి నేను? నేనూ ఆడాలిగా.”

గ్లవ్ తొడుక్కున్నాను. కుడి చేతికి. వేళ్ళు తమ చోట్లు వెతుక్కుంటూ ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. మూసి, తెరిచి చూశాను. అతని కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

“నువ్వు ఆడొద్దు” అన్నాను. “బండి గేటు పక్కన నిలబడు. టోపీ పెట్టుకోకు, నాకు కనబడాలి. ఇన్నేళ్ళూ చూశానన్నావు కదా కర్ట్, ఒక్కసారి వచ్చి చూడు.”