ఆషాఢంలో ఇళ్ల మార్పిడి

లక్షెట్టిపేటలో కొమురవ్వకు పాడి బర్రెలు ఉన్నాయి గానీ, వాటిని కట్టేయడానికి చోటు లేదు. ఇల్లు సరిగ్గా అంగడి తొవ్వ మీద ఉంది. గడప దిగితే బర్రెలు, బర్రెలు దాటితే బండ్లు. తెల్లారితే బండ్లవాళ్లతో జగడం.

ఊరి చివర ఉండే నిజాముద్దీన్‌ది దీనికి పూర్తిగా ఎదురు బాధ. ఆయన గాజులు అమ్ముతాడు. ఇంటి వెనక పెద్ద పెరడు ఉంది గానీ ఇంటి ముందు నరమానవుడి అలికిడి ఉండదు. గాజుల మలారం భుజానికెత్తుకొని గల్లీ గల్లీ తిరిగితే తప్ప బేరం లేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు. ఎండాకాలంలో ఒకనాడు కొమురవ్వ భర్త లింగమూర్తి, నిజాముద్దీన్ కలిసి చాయ్ తాగుతూ, ఇళ్లు మార్చుకుంటే ఇద్దరి కష్టమూ తీరుతుంది కదా అనుకున్నారు. చాయ్ అయిపోయేసరికి మాట కుదిరింది. లింగమూర్తి హుషారుగా ఇంటికొచ్చి ఆ సంగతి భార్య చెవిన వేశాడు.

ఆ రోజు నుంచి కొమురవ్వకు కంటి మీద కునుకు లేదు. పాలకొచ్చిన వాళ్లంతా పాలతో పాటు తలా ఒక మాట మాట్లాడిపోతున్నారు. ఆ ఇంటికి వీధిపోటు ఉందేమో చూసుకొమ్మని ఒకరు, వానలకు పెరడంతా మడుగవుతుందని ఇంకొకరు. పక్కింటి దేవవ్వయితే, అంత పెరడున్న ఇంటిని ఊరికే ఎందుకు వదులుకుంటారు, లోపల ఏదో ఉండే ఉంటుంది అన్నది. ఆ మాట కొమురవ్వ మనసులో ముల్లులా దిగింది.

చివరికి మొగుడి ముందు ఒక షరతు పెట్టింది.

"కాయితం ఇప్పుడే వద్దు. ఆషాఢమంత వాళ్లింట్ల మనముందాం, మనింట్ల వాళ్లుంటరు. వానల్ల ఇల్లు సంగతి ఇల్లే చెప్తది. మనసొప్పితెనే కాయితం."

ఈ మాట ఎలా చెప్పాలా, నిజాముద్దీన్ ఏమనుకుంటాడో అని లింగమూర్తి నసుగుతూ పోయాడు. నవ్వుతూ తిరిగొచ్చాడు. నిజాముద్దీన్ భార్య మక్సూదా కూడా వారం రోజులుగా ఇంట్లో అదే పోరు పెడుతోందట.

ఆషాఢంలో ఇల్లు మారతారా అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఇది గృహప్రవేశం కాదు, చుట్టపుచూపు అని కొమురవ్వ వాళ్ల నోరు మూయించింది.

బర్రెలకు మాత్రం ఆ పెరడు స్వర్గమే అయింది. నీళ్లు ఎక్కడా నిలవలేదు. బావి నీళ్లు తియ్యగా ఉన్నాయి. కొమురవ్వ మనసు కుదుటపడుతుండగానే ముసురు పట్టింది. పొయ్యి మీద పైకప్పు కారడం మొదలుపెట్టింది. కట్టెలు తడిశాయి, పొయ్యి ఆరింది. అనుమానపడింది నిజమేనని కొమురవ్వ కొంగు నెత్తిన కప్పుకొని, అడగాల్సిన నాలుగు మాటలూ దారి పొడుగునా కూడదీసుకుంటూ అంగడి తొవ్వ పట్టింది.

తన ఇంటి తలుపు తీసే ఉంది. లోపల నడిమి అర్రలో మక్సూదా గంగాళం ఒక మూలకు జరుపుతోంది. పై నుంచి ధార అందులో పడుతోంది.

కొమురవ్వ గడపలోనే ఆగింది. ఆ మూల కారుతుందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఇల్లు అప్పగించేనాడు చెప్పాలని నోటి దాకా వచ్చింది కూడా. చెబితే బేరం పోతుందేమోనని మింగేసింది.

మక్సూదా ఆమె తడిసిన కొంగు చూసింది, మొహం చూసింది.

"వంటింట్ల కారిందా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"కారింది. నీకు ముందే తెలుసా?"

"తెలుసు. చెప్తె మీరు రారని ఫికర్ అయింది. గీ మూల మీకు తెల్వదా మరి?"

కొమురవ్వ తల దించుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. గంగాళం నిండి పొర్లేదాకా నవ్వుతూనే ఉన్నారు.

వాన తెరిపివ్వగానే మగవాళ్లిద్దరూ నిచ్చెన వేసుకొని రెండిళ్ల మీదా పగిలిన గూన పెంకలు మార్చారు. లింగమూర్తి పెరట్లో బర్రెల కింద బండలు పరిచాడు. నిజాముద్దీన్ ముందర అర్రకు సున్నం వేయించి, గోడ పొడుగునా కర్రలు కట్టి గాజులు వేలాడదీశాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఒక అంగడి రోజు కొమురవ్వ అటు పోతూ తన పాత ఇల్లు చూసి నిలబడిపోయింది. తెల్లగా మెరిసే గోడలు, రంగురంగుల గాజులు, గుమ్మం ముందు ఆడవాళ్ల గుంపు. ఇంత మంచి ఇంటినా నేను ఇచ్చేసేది అనుకుంది. ఇంటికొచ్చి, మనిల్లు మనం తీసుకుందామని మొగుడితో అన్నది. లింగమూర్తి కోపగించుకోలేదు. "సరే, మరి బర్రెలను మల్ల బండ్ల నడుమ కట్టేద్దామా?" అని మాత్రం అడిగాడు.

కొమురవ్వ పెరట్లోకి పోయి బర్రెలకు గడ్డి వేసింది. అంతలో మక్సూదానే వచ్చింది. పెరడు, అరుగు, పందిరికెక్కిన బీరతీగ అన్నీ చూస్తూ కాసేపు తిరిగింది. ఆమె కళ్లలో తడి చూసి కొమురవ్వకు అర్థమైంది, తన లోపల మెదులుతున్నదే ఆమె లోపలా మెదులుతోందని.

"మల్ల ఈ ఇంటికి రావాలనిపిస్తుందా చెల్లె?" అని అడిగింది.

"అనిపిస్తుంది. మల్ల అక్కడ గాజులు చూస్తె రాబుద్ధి కాదు."

అప్పుడు కొమురవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. ఇంతకాలం దాచిన తన ఇంటి సంగతులన్నీ చెప్పింది. వానకాలం వెనక తలుపు ఉబ్బుతుంది, కొంచెం ఎత్తి నెట్టాలి. ఎండాకాలం పడమటి కిటికీ కింద పడుకుంటే చల్లటి గాలి. మక్సూదా కూడా చెప్పింది. బావి గిలక మొరాయిస్తే ఆముదం చుక్క వేయాలి. తూర్పు గోడ వెంబడి మల్లె నాటితే వద్దన్నా పూస్తుంది. చెప్పేకొద్దీ ఇద్దరి మనసులూ తేలికయ్యాయి. ఎవరి ఇల్లు వాళ్లు చేతులారా అప్పగించుకున్నట్టయింది.

శ్రావణం రాగానే నలుగురూ రిజిస్ట్రేషన్ కచేరికి పోయి కాయితాలు రాయించుకున్నారు. మాట్లాడుకుంటూ తిరిగొస్తుంటే నాలుగు తొవ్వల కాడ కొమురవ్వ కాళ్లు వాటంతటవే అంగడి వైపు తిరిగాయి, మక్సూదావి ఊరి చివరికి తిరిగాయి. నాలుగడుగులు పోయాక గానీ ఇద్దరికీ సోయి రాలేదు. మగవాళ్లు చూసి పకపకా నవ్వారు. కొమురవ్వ వెనక్కి తిరిగి, మక్సూదా భుజం తట్టి, పాలు పితికే వేళయిందని గబగబా ఊరి చివర తన ఇంటి తొవ్వ పట్టింది.