ఇరుసు మీద అరచెయ్యి

పిచ్చుకమ్మ జీవితంలో ఏనాడూ ఒక్క బస్తా మోయలేదు. అయినా ఆ సరుకుల గోదాములో ఆమె నోరు విప్పందే బస్తా కాదు కదా, బస్తా మీద ఈగ కూడా లేవదని హమాలీలు చెప్పుకునేవాళ్లు. ఆమె పని కేక వెయ్యడం. పది మంది కలిసి ఒక బరువు పట్టినప్పుడు పది నడుములూ ఒకే క్షణంలో లేవాలి. ముందు లేచినవాడికి నడుం పోతుంది, వెనక లేచినవాడికి కాలు పోతుంది. ఆ క్షణం ఏదో చెప్పేది పిచ్చుకమ్మ గొంతు. మనిషి మూడు మూరలు, గొంతు మూడు వీధులు.

ఆ విద్య ఆమెకు అన్న దగ్గర అబ్బింది. అతన్ని అందరూ ఉరుమన్న అనేవాళ్లు. బరువును తిట్టి లేపడం అతని పద్ధతి. "ఏమే గున్నమ్మా, తిని కూర్చున్నది చాలు, లే!" అని ఇనప్పెట్టె మీద అరచెయ్యి వేసి దబాయిస్తే, హమాలీలు నవ్వుతూ నవ్వుతూనే ఎత్తేసేవాళ్లు. నాలుగేళ్ల కిందట జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. అన్న తిట్లన్నీ చెల్లెలు పొల్లుపోకుండా అప్పజెప్పేది గానీ, ఎక్కడో ఏదో తక్కువైంది. ఎత్తు కుదిరేది కాదు. వారానికొకడు నడుం పట్టుకుని మూలకు చేరేవాడు. మేస్త్రీ మొహమాటస్తుడు, పైకేమీ అనలేదు. కాకపోతే మొన్నీమధ్య ఒక ఈల కొనుక్కొచ్చి మేకుకు తగిలించాడు.

"ఎందుకురా అది?" అంది పిచ్చుకమ్మ.

"ఊరికేనక్కా. చూడముచ్చటగా ఉందని."

ఈల మేకెక్కిన మూడోరోజు, పొద్దున పది గంటలకు, గోదాము వెనక గోడ పలచబడింది. కూలలేదు, పగుళ్లివ్వలేదు. నూనె పీల్చిన కాగితంలా పలచబడి, అవతలున్నది కనిపించసాగింది. అవతలున్నదీ ఈ గోదామే! అదే రేకుల కప్పు, అదే కుంటి స్టూలు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి, ఎదురెదురు అద్దాల్లో లాగా, ఇదీ కలిపి మొత్తం ఏడు. ఆ ఏడింటినీ గుచ్చుకుంటూ, ఇంటి దూలాలకు ముత్తాతలాంటి నల్లటి ఇరుసు ఒకటి నేలమీద ఏటవాలుగా పడి ఉంది. నిన్నటిదాకా అది కంటికి కనపడలేదంటే, కనపడాల్సిన అవసరం రాలేదనే చెప్పుకోవాలి.

హమాలీలు పారిపోయారు. పారిపోలేదని, సాయం తేవడానికి వెళ్లామని తర్వాత వాళ్లే చెప్పారు. మేస్త్రీ మాత్రం కదల్లేదు. బల్ల కింద దూరి అక్కడ నుంచి కాపలా కాశాడు.

ఆపద ముదిరితే కాలాలు కూడా చుట్టాల్లా గడప తొక్కుతాయి. మొదట వచ్చినవాడు ఇనుము పుట్టకముందు మనిషి. ఒంటిమీద తోలు తప్ప నూలుపోగు లేదు. ఒకనాడు వరదకు వీపు ఆనించి ఆపాడట, ఆ నది చారలు ఇంకా వీపు మీద ఉన్నాయి. రెండోవాడు మన తాతల నాటివాడు. ముఖానికి ముసుగు, భుజాన ఎర్రటి వస్త్రం, ఎగురుతూ వచ్చి కూడా కిటికీ తట్టి మరీ లోపలికొచ్చిన మర్యాదస్తుడు. కూలుతున్న మేడను అరచేత నిలిపి, పిల్లాపాపా దిగేదాకా మోసినవాడు. మూడో ఆవిడ ఇంకా పుట్టలేదు. మూడు వందల ఏళ్ల తర్వాత పుడుతుందట. పాదాలు నేలకు ఆనవు. ఆరిపోతున్న చుక్కను గుండెకు పొదువుకుని మూడు రోజులు వెచ్చబెట్టి బతికించిందట. ఆమె వైపు చూస్తే పిచ్చుకమ్మకు తన చేతుల మీద వెన్నెల పడ్డట్టనిపించింది.

"అమ్మా, ఏడు లోకాలు ఈ ఒక్క ఇరుసు మీద తిరుగుతున్నాయి, బండి చక్రాల్లా," అందా రేపటావిడ. "ఇరుసు గాడి తప్పింది. మధ్యాహ్నానికి చక్రాలు ఒకదాన్నొకటి నూరేస్తాయి. దీన్ని వేలెడు ఎత్తి మళ్లీ గాడిలో పెట్టాలి. ఏడు లోకాల్లోనూ ఒకేసారి."

"అక్కడెవరు ఎత్తుతారమ్మా?"

"అక్కడా లోకానికి ముగ్గురు చొప్పున మాలాంటివాళ్లున్నారు."

పిచ్చుకమ్మ వేళ్లు మడిచింది. ఏడు ముగ్గుర్లు ఇరవై ఒక్కరు. "ఇంకేం, కానివ్వండి మరి!" అని స్టూలెక్కి చోద్యం చూడబోయింది.

వాళ్లు కానిచ్చారు. తోలాయన హూంకరించి ఎత్తాడు. అతను దించేవేళకు ముసుగాయన ఎత్తాడు. రేపటావిడ ఎప్పుడెత్తిందో కంటికే ఆనలేదు. అవతలి లోకాల్లోనూ అదే వరస. ఇరుసు ఆ కొస లేచి ఈ కొస గుద్దుకుంది. పైకప్పు రేకులు గలగలమన్నాయి. ఆకాశంలో ఎక్కడో రెండు పర్వతాలు ఒరుసుకున్న చప్పుడు వచ్చింది. వాళ్లందరూ వీరులే, వచ్చిన చిక్కల్లా అదే. ఎవరికి వాళ్లు ఒంటరిగా లోకాన్ని కాపాడినవాళ్లు. పక్కవాడి కోసం ఆగడం ఒక్కరికీ అలవాటు లేదు.

"ఆగండి నాయనా, ఆగండి! లోకాన్ని కాపాడేట్టున్నారా, పిండి కొట్టేట్టున్నారా?" అని పిచ్చుకమ్మ అరిచేసింది.

ముగ్గురు వీరులూ తలొంచుకున్నారు. బల్ల కింద నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "అక్కా, నువ్వు కేకెయ్యి!"

"నా కేకకు పది మందే కుదరట్లేదు కదరా. ఈలెక్కడ పెట్టావు?"

సరిగ్గా అప్పుడే పలచటి గోడవతల ఒక మనిషి కదిలాడు. మెడలో ఈల వేలాడుతోంది. జుట్టు నెరిసింది. వచ్చి ఇరుసు పక్కన మోకాళ్లేసి, దాని మీద అరచెయ్యి ఆన్చాడు.

ఆ ఆన్చడం చూసి పిచ్చుకమ్మ గుండె జారి స్టూలు కింద పడింది. వెనకే ఆమె కూడా దిగింది.

"అన్నయ్యా!"

అతను తలెత్తాడు. "ఏమే పిచ్చుకా, చచ్చి కూడా చిక్కలేదే నువ్వు?" అన్నాడు. గొంతు గొంతులా లేదు, ఎండుటాకు మీద నడిచినట్టుంది.

"నేనెప్పుడు చచ్చాను? పోయింది నువ్వు! జ్వరమొచ్చి మూడు రోజుల్లో..."

"జ్వరమొచ్చింది నీకే తల్లీ. మూడు రోజులు. నీతోపాటే నా గొంతూ పోయింది. అందుకే ఈ ఈల బతుకు."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఒక లోకం చెల్లెల్ని పోగొట్టుకుంది, ఒక లోకం అన్నను పోగొట్టుకుంది. ఆకాశం మళ్లీ ఒరుసుకుంది, ఈసారి ఇంకా దగ్గరగా.

"ఏడుపు తర్వాత. నా కేకకు జనం కుదరట్లేదన్నయ్యా. తిట్లన్నీ నీవే, మాట కూడా మార్చలేదు," అందామె.

"తిట్లు నవ్వడానికే. నువ్వు స్టూలెక్కి కేకేస్తావు కదూ? దిగి, బరువు మీద చెయ్యి పెట్టు. ఎన్నిసార్లు చూడలేదు నన్ను?"

చూసింది. చూసి, అది అన్న డాబుసరి అనుకుంది ఇన్నాళ్లూ. వంగి అరచెయ్యి ఇరుసుకు ఆన్చింది. చల్లగా ఉంది. లోపల ఏదో గుండెలాంటిది కొట్టుకుంటోంది.

"ఇప్పుడు పట్టమను."

"పట్టండోయ్!" అని కేకేసింది పిచ్చుకమ్మ. ఆ కేక ఒక గోదాములోంచి ఇంకో గోదాములోకి, లోకం తర్వాత లోకంలోకి వెళ్లింది. ఆమె అరచేతికి ఒక చిన్న అదురు తెలిసింది, తోలాయన పట్టు. తర్వాత మెత్తగా ఒకటి, ముసుగాయనది. తర్వాత సన్నటి జలదరింపు. ఆ పైన అవతలివి, దూరం నుంచి, వాన మొదలయ్యేటప్పుడు ఒక్కొక్క చినుకు రేకు మీద పడ్డట్టు. పుట్టని వాళ్లవి, పోయినవాళ్లవి, ఏ కాలంలోనూ ఒకరినొకరు ఎరగని వాళ్లవి. అందరి చేతులూ తన చేతికింద ఉన్నాయి. ఇంత పెద్ద సృష్టి ఒక మనిషి అరచేతిలో పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిది. ఇరవై.

ఇరవై ఒకటోది రాలేదు.

"ఇక అనమ్మా!" అన్నాడు ముసుగాయన, నుదుటి చెమట ముసుగులోకి కారుతుంటే.

"నోర్ముయ్ నాయనా, ఒకడు రావాలి."

పైన ఒక రేకు ఊడి పడింది. ఆమె కదల్లేదు. అప్పుడు, ఏడో లోకం కొసనుంచి, ముసలి చేతి పట్టొకటి వణుకుతూ వచ్చి ఆనింది.

"ఏమే ఇరుసమ్మా! ఏడు లోకాలు మింగి ఇంకా పడుకున్నావే! సిగ్గు లేదూ, లే! హై...సా!"

ఇరవై ఒక్కరూ పక్కున నవ్వారు. ఇరుసు లేచింది. చప్పుడు లేకుండా, పాలమీద మీగడ లేచినంత తేలిగ్గా లేచింది. ఏడు గోదాముల్లో దుమ్ము గాల్లో అక్కడికక్కడే నిలిచిపోయింది.

"దించమంటే గాడిలో పడుతుంది," అంది రేపటావిడ. తర్వాత మెల్లగా, "పడగానే గోడ మళ్లీ గోడవుతుంది. మాట్లాడుకోండమ్మా, మేం పట్టుకునే ఉంటాం," అంది.

పిచ్చుకమ్మ అన్న వైపు చూసింది. అన్న ఆమె వైపు చూశాడు. చెప్పుకోవడానికి నాలుగేళ్ల మాటలున్నాయి. అరచేతికింద తోలాయన పట్టు వణకడం ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏడో లోకపు ముసలి చెయ్యి అంతకన్నా వణుకుతోంది. బరువు మోసేవాణ్ణి ఆపి ముచ్చట్లు పెట్టడం ఆ ఇంట ఎవరూ నేర్చుకోలేదు.

"పెద్దవాడివి. నువ్వే అను, దించమని," అంది.

"గొంతు నీది కదే."

"ఎక్కువ తిరక్కు ఎండలో. స్వెట్టరు వేసుకో."

"ఎండలో స్వెట్టరేంటే?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆరకముందే పిచ్చుకమ్మ, "దించండోయ్!" అంది.

ఇరుసు గాడిలో పడిన చప్పుడు చెవికి కాదు, ఎముకలకు వినిపించింది. గోడ గోడైంది. దాని మీద నిన్నటి సున్నం, మొన్నటి బల్లి. వీరులు లేరు. కిటికీ ఊచకు ఎర్రటి వస్త్రం పేలిక మాత్రం మిగిలింది. దానితో మేస్త్రీ చాలాకాలం బల్ల తుడిచాడు.

మర్నాడు ఒక ఇనప మోటారు దిగింది. పది మంది హమాలీలు చుట్టూ వంగారు. పిచ్చుకమ్మ స్టూలు అవతలికి తన్నేసి, మోటారు మీద అరచెయ్యి పెట్టి, "పట్టండోయ్!" అంది. అని ఊరుకుంది.

"పది మందిమీ పట్టాం కదక్కా. ఇంకా ఎందుకు ఆగడం?" అన్నాడు మేస్త్రీ.

"ఉండరా. పదకొండోది రావాలి."

"మనం పది మందిమే కదా!"

ఆమె వెనక గోడ వైపు ఒకసారి చూసింది. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. అప్పుడు కేక వేసింది.