హవల్దారు జక్కరయ్యగారి కుడికాలు

హవల్దారు జక్కరయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఏడాదయింది. కొడుకు ప్రేమానందం విజయనగరం కంటోన్మెంటులో తమ ఇంటిముందు షామియానా వేయించి జ్ఞాపకార్థ కూడిక పెట్టాడు. చర్చివాళ్ళు ఎలాగూ వస్తారు. అతని దిగులంతా తాలూకా ఆఫీసునుంచి వస్తానన్న హెడ్‌గుమాస్తా గణపతిరావుగారి గురించే.

దిగులుకి కారణం జక్కరయ్యగారి కుడికాలు. పట్టాళంనుంచి ఆయన ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చారు. పిల్లలు అడిగితే యుద్ధంలో తగిలిందనేవారు. ఆయన వదిలేసిన మిగతా కథని ప్రేమానందం ఆఫీసులో పూర్తిచేశాడు. మొదట అది బర్మా అడవుల్లో తగిలిన తూటా. గణపతిరావుగారు జాలిపడి టీ ఇప్పించాక ఇంకో తూటా చేరింది. సెలవు ఇవ్వడానికి ఆయన నసిగిన ఏడాది, జక్కరయ్యగారు కొందరు శత్రువుల్ని చంపవలసి కూడా వచ్చింది.

ఇప్పుడు ఆ కథ అమ్మ ఎదురుగా చెప్పాలి. రాహేలమ్మ ప్రార్థనలో తప్పుమాట సహించదు. కోతపండగ కానుకలు చదువుతూ పాస్టరుగారు ఆమె ఇచ్చిన పుంజుని పెట్ట అంటే, అందరిముందూ లేచి సరిచేసిన మనిషి. అందుకని ముందే వంటింట్లోకి వెళ్ళి, ఈవేళ ఏమీ మాట్లాడొద్దని బతిమాలాడు.

"నాను మాటాడను," అంది రాహేలమ్మ. "నువ్వు అబద్దమాడకు."

అది ఒప్పుకోవడమే అనుకున్నాడు ప్రేమానందం.

కీర్తనలయ్యాయి. వాక్యమయింది. తండ్రి గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ప్రేమానందాన్ని పిలిచారు. ముందు వరసలో గణపతిరావుగారు సర్దుకుని కూర్చున్నారు. పక్కన అమ్మ. ప్రేమానందం ఇద్దరికీ మధ్యనున్న షామియానా గుంజకేసి చూస్తూ, బర్మా అడవులు, చీకటి, నలువైపులా శత్రువులు అంటూ మొదలుపెట్టాడు. తూటా పేలేసరికి రాహేలమ్మ లేచింది.

"ఒరే ప్రేమా, కూకో. తూటా కాదు. కంచరగాడిద తన్నింది."

తర్వాత జనంవైపు తిరిగి సావకాశంగా చెప్పింది. పట్టాళంలో ఆయన పని కంచరగాడిదల మీద బియ్యం, పిండి వేసి కొండలు దాటించడం. ఒకరోజు అన్నం ముందు కళ్ళుమూసుకుని స్తోత్రం చెయ్యడం మొదలెట్టారట. ఆయన స్తోత్రం అంటే పెళ్ళాం, పిల్లలు, తమ్ముళ్ళు, మరదళ్ళు, పాలిచ్చే ఆవు, అందరూ రావాలి. నిలబడింది గాడిద వెనకాల అన్న సంగతి మర్చిపోయారు. స్తోత్రం ఆవు దగ్గరికి వచ్చేసరికి గాడిద ఓపిక అయిపోయింది.

పిల్లలు ముందు నవ్వారు. తర్వాత పెద్దలు. తనూ పెద్ద ప్రార్థనలే చేసే పాస్టరుగారు కాస్త తక్కువ నవ్వారు.

అప్పట్నుంచీ జక్కరయ్యగారు కళ్ళు తెరిచే ప్రార్థన చేసేవారని కూడా రాహేలమ్మ చెప్పింది. చిన్నప్పుడు ప్రార్థనలో దొంగచూపు చూసినప్పుడల్లా నాన్న ఎదురుగా తననే చూస్తూ ఎందుకు కనిపించేవాడో ప్రేమానందానికి ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ అది పరిశుద్ధాత్మ సాయం అనుకున్నాడు.

రాహేలమ్మ కూర్చోలేదు. గొంతు తగ్గించింది.

"పట్టాళానికెల్లిన కాడ్నుంచీ ఆయనొకటే అడిగినాడు. నా సేత్తో ఎవుర్నీ సంపనీకు దేవుడా అని. సంపకుండానే ఇంటికొచ్చీసినాడు. నువ్వేట్రా, ఆయన పోయాక సంపిస్తన్నావు?"

మిగతా సాక్ష్యం ముగించమని పాస్టరుగారు సైగచేశారు. ప్రేమానందానికి ముగించడానికి ఏమీ మిగల్లేదు. గుంజని వదిలేసి అమ్మకేసి చూశాడు.

"మా నాన్న శనివారం సాయంత్రం ఇంటిల్లిపాది జోళ్ళూ వరసగా పెట్టి పాలిష్ సేసీవోడు," అన్నాడు. ఆఫీసు భాష ఎటుపోయిందో పోయింది. "అమ్మ సెప్పులు కూడాను. ఈదిలో నవ్వీవోరు. నవ్వినోళ్ళ జోళ్ళు కూడా అడిగి పట్టుకొచ్చి తుడిసీవోడు."

వెనక వరసలో ఎవరో, అవును, మావీ తుడిచాడన్నారు. ఇంకొకరు లేచారు. కూడిక టీ చల్లారేదాకా సాగింది.

బన్ను తినడం ముగించి గణపతిరావుగారు ప్రేమానందాన్ని పక్కకి పిలిచారు. ఇక ఆఫీసులో తన మాటకి విలువ లేనట్టే అనుకుంటూ వెళ్ళాడు.

"రేపు ఆఫీసులో భోజనాల దగ్గర ఆ గాడిద సంగతి మనవాళ్ళందరికీ చెప్పాలోయ్," అన్నారాయన. "తూటాల కథ ఎవరూ నమ్మలేదులే. ఇది నమ్ముతారు."

ప్రేమానందానికి ప్రాణం లేచొచ్చింది. తప్పకుండా చెబుతానన్నాడు. టీ గ్లాసులు ఏరుతున్న రాహేలమ్మ తల ఎత్తకుండానే అంది:

"ఒకటే గాడిద. గేపకమెట్టుకో."