నల్లమూతిది మళ్లీ పుట్టాలంటే

మా కొండ గుహలో తవ్వకాలకు అవ్వ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. వెనక మూల జోలికి పోకూడదు. డాక్టర్ అర్రియోలా సరేనన్నాడు. ఒంటె జాతికి చెందిన మా బరువులు మోసే లామాలను మనుషులు మొట్టమొదట ఎప్పుడు మచ్చిక చేసుకున్నారో తేల్చడానికి రాజధాని లీమా నుంచి వచ్చాడాయన. నాకు ఎముకలు కడిగే పని ఇచ్చాడు. మాట్లాడే అవసరం లేని పని కనక నాకు నచ్చింది.

మూడో వారంలో ఆయన ఆ మూలకు పోనే పోయాడు. "జానెడే" అన్నాడు. జానెడు కాస్తా మూరెడయింది. మర్నాడు గుహలోంచి కేక వినిపించింది.

"లామా! తల నుంచి గోరు దాకా ఒక్క ఎముకా విరగలేదు! పక్కనే రాతి బాణపు మొనలు. నాలుగు వేల ఏళ్ల నాటిది!"

కడగడానికి ముందుకాలి ఎముక నా చేతికొచ్చింది. నడుమ ఒక బుడిపె ఉంది.

"చూశావా, నీవెస్? విరిగి అతుక్కున్న కాలు! అడవి జంతువైతే ఆ రోజే ప్యూమా నోట్లో పడేది. ఎవరో కట్టు కట్టారు, మేత తెచ్చి పెట్టారు. మచ్చికకు ఇంతకంటే రుజువేం కావాలి?"

ఆ బుడిపెను బొటనవేలితో తడిమాను. ఆ కట్టు కట్టేటప్పుడు బద్దలు పట్టుకున్నది నేనే. నాకప్పుడు ఏడేళ్లు. ఆ నల్లమూతిది నా మొహం మీద మూడుసార్లు ఉమ్మింది.

ఇష్టమైన లామా పోతే మేం ఎముకలు కుక్కలకు వేయం. ఒక్కటీ విరగకుండా ఏరి పాతిపెడతాం. అన్నీ ఒకచోట ఉంటేనే అది మళ్లీ మందలో పుడుతుంది. అవ్వ ఆరేళ్లుగా నల్లమూతి పిల్ల కోసం చూస్తోంది. ఎముకల పెట్టెలేమో శనివారం లీమాకు పోతాయి.

చెబితే డాక్టరు మొహం చూడాలి. చెప్పకపోతే అవ్వ మొహం చూడాలి. శుక్రవారం దాకా నాకు నోరు పెగల్లేదు.

"డాక్టరుగారూ, ఆ కట్టు కట్టింది మా అవ్వ."

"మీ అవ్వల అవ్వలు! ఎంత బాగా చెప్పావు!"

"కాదండీ. మా అవ్వే. అదుగో, పొయ్యి దగ్గరుంది. అడగండి."

అవ్వ గరిటెతోనే వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది.

"ఏం నాయనా, నా నల్లమూతిదానికి పట్నం చూపిద్దామనా?"

ఆయన టార్చి పట్టుకుని గుహలోకి పరుగెత్తాడు. గోడ పక్కన, పాత మట్టిపొరలను కోసుకుంటూ అవ్వ తవ్విన గుంట అంచు అప్పుడు కనబడింది. బాణపు మొనలు పాతవే. లామా మాత్రం పాతది కాదు. ఆయన టోపీ తీసి అక్కడే కూలబడ్డాడు.

"ఎన్నేళ్లు తప్పావేంటి?" అంది అవ్వ.

"మూడు వేల తొమ్మిది వందల తొంభై నాలుగు."

"పోన్లే. కట్టు కట్టారని కనిపెట్టావుగా, అది తప్పలేదు." నమలడానికి గుప్పెడు కోకా ఆకులు ఆయన చేతిలో పెట్టింది. "లే. ఎక్కడిదక్కడ సర్దు."

పొద్దు వాలేదాకా సర్దాడు. చివరికి ఒక చిన్న మడమ ఎముక ఆయన గుప్పిట్లోనే ఆగిపోయింది.

"అవ్వా, ఇదొక్కటి... పోల్చి చూసుకోడానికి..."

"నీ ఒంట్లో ఏ ఎముక లేకపోయినా పర్లేదో చెప్పు. అప్పుడు చూద్దాం."

ఆయన దాన్నీ పెట్టేశాడు.

"అది ఎడమది. కుడివైపు పెట్టారు" అన్నాను. ఇద్దరూ నావైపు తిరిగి చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తీసి మార్చాడు.

వానల్లో నల్లమూతి పిల్ల పుట్టింది. మరుసటి ఏడు డాక్టరు గుహ ముందువైపు తవ్వడానికి వచ్చినప్పుడు అది మందలోంచి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది. చెవులు వెనక్కి వాల్చి కొత్త టోపీ మీద ఉమ్మింది.

"తనను పెట్టెలో పెట్టిందెవరో గుర్తుంది దానికి" అంది అవ్వ.

డాక్టరు టోపీ తుడుచుకోకుండానే వంగి దాని ముందుకాళ్లకేసి చూశాడు. "కుంటుతోందా?"

"ఎందుకు కుంటుతుంది? సరిగ్గానే సర్దావుగా."